కళ్ళల్లో కారం

మా దర్శి వైపు ఆడవాళ్ళకు ఒళ్ళు మండితే నోట్లోంచి మొదట ఊడిపడే మాట "వాడి కళ్ళల్లో కారం కొట్ట" అని. తూకంలో దగా చేసిన కూరలవాడికీ అదే శాపం, ఆడపిల్లను ఏడిపించిన అల్లుడికీ అదే శాపం. మిరప పండే నేల కదా, తిట్టు కూడా పొలంలోంచే వస్తుంది మరి. ఎండాకాలం మొదట్లో కల్లాల్లో ఎర్రగా పరిచిన కాయల మీంచి గాలి వీచిందంటే ఊరు ఊరంతా తుమ్ముతుంది. తొడిమలు తీసే కూలి ఆడవాళ్ళు రాత్రిళ్ళు చేతులు మజ్జిగలో ముంచుకుని కూర్చుంటారు. ఆ మంట తెలిసినవాళ్ళు కాబట్టే ఆ శాపం అంత తేలిగ్గా పెట్టగలరు కాబోలు.

అయితే ఇది ఒకప్పుడు ఉత్త శాపం కాదనీ, ఠాణాల్లో నిజంగా చేసిన పనేననీ, దాని మూలంగా మన దేశంలో ఒక చట్టం పుట్టిందనీ, ఆ చట్టానికి సరయిన అర్థం మన గుంటూరు జిల్లా గడ్డివాములోంచే బయటపడిందనీ నాకు తెలిసింది ఒక అమెరికా కోర్టు తీర్పు చదువుతున్నప్పుడు. కథలు రాసుకునేదానివి నీకు తీర్పులెందుకమ్మా అంటారేమో! నేను చదివింది చరిత్ర. చరిత్ర చదివినవాళ్ళకు పాత కాగితం ఎక్కడ కనిపించినా చెయ్యి ఊరుకోదు. పైగా ఆ తీర్పులో ఉన్నది మన తెలుగువాళ్ళ కథ.

పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఫిలడెల్ఫియాకు దగ్గర్లో కింగ్ ఆఫ్ ప్రష్యా అని ఒక ఊరుంది. పేరు చూస్తే రాజుగారి కోట ఉందేమో అనిపిస్తుంది గాని, ఉన్నవి పెద్ద పెద్ద దుకాణాలూ, ఆఫీసులూ, వరసగా అపార్టుమెంట్లూ. ఆ అపార్టుమెంట్లలో మన కంప్యూటరు ఇంజనీర్లు చాలామంది కాపురముంటారు. 2012 అక్టోబరు 22, సోమవారం. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్ళారు. ఇంట్లో పదినెలల పాప, ఆ పాపను చూసుకోడానికి ఇండియా నుంచి వెళ్ళిన నాయనమ్మ. ఆవిడకు 61 ఏళ్ళు. తల్లిదండ్రులకు తెలిసేసరికి ఇంట్లో నాయనమ్మ కత్తిపోట్లతో చచ్చిపడి ఉంది, పాప లేదు. ఒక ఉత్తరం ఉంది. ఒకటే ఉత్తరం, కాపీలు మాత్రం చాలా. పాప కావాలంటే 50 వేల డాలర్లు ఇమ్మని.

ఆ ఇంటివాళ్ళ పేర్లు నేనిక్కడ రాయను. వాళ్ళ దుఃఖం వాళ్ళది. కాని ఆ నాయనమ్మ స్థానంలో ఎవరున్నారో మనందరికీ తెలుసు. మనమే ఉన్నాం. దర్శి, పొదిలి, అద్దంకి, ఏ ఊరు తీసుకోండి, వీధికి నలుగురైనా ఉంటారు ఆరునెలల వీసా మీద పురుడు పోయడానికో, మనవరాలిని ఆడించడానికో వెళ్ళొచ్చినవాళ్ళు. పచ్చళ్ళ డబ్బాలు, శొంఠిపొడి, పాత మెత్తని చీరలు పెట్టెలో సర్దుకుని వెళతారు. అక్కడ పగలంతా తలుపు వేసుకుని పాపతో ఒంటరిగా ఉంటారు. మాట్లాడ్డానికి మనిషి కనిపించడు. కారిడార్లో ఒక తెలుగు మొహం కనిపిస్తే చాలు, ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. "ఏ ఊరు నాయనా మీది?" అని అడగందే ఉండలేరు.

ఈ పని చేసినవాడు ఆ తెలుగు మొహమే. పేరు రఘునందన్ యండమూరి. విశాఖపట్నం వైపు కుర్రాడు, 26 ఏళ్ళవాడు, తనూ ఇంజనీరే. అదే అపార్టుమెంట్లలో కాపురం, ఆ కుటుంబంతో పరిచయం. దగ్గర్లో ఉన్న కాసినోలో జూదమాడి బోలెడు డబ్బు పోగొట్టుకున్నాడు. అతన్ని పట్టిచ్చింది ఒక చిన్న సంగతి. ఆ ఉత్తరంలో తల్లిదండ్రుల్ని ఇంట్లోవాళ్ళూ స్నేహితులూ పిలుచుకునే ముద్దుపేర్లతో సంబోధించాడు. అమెరికా దొంగకు ఆ పేర్లు ఎలా తెలుస్తాయి? రాసినవాడు ఎరిగున్నవాడేనని పోలీసులు పసిగట్టారు. ఇంగ్లీషులో రాసిన ఉత్తరంలో తెలుగింటి పిలుపు దొరికిపోయిందన్నమాట. అక్టోబరు 25న అతన్ని పిలిచి గంటల తరబడి మాట్లాడించారు. చివరికి చెప్పేశాడు. పాపను ఎత్తుకుపోయి డబ్బు అడుగుదామనుకున్నానని, నాయనమ్మ పెనుగులాటలో పోయిందని, పాప ఏడవకుండా చేసిన పనికి పాప కూడా పోయిందని. పాప ఎక్కడుందో అతను చెప్పిన చోటనే, ఆ అపార్టుమెంట్ల కిందనే వాడకుండా వదిలేసిన వ్యాయామశాల గదిలో 26వ తారీకు తెల్లవారుజామున కనబడింది. నాలుగు రోజులుగా ఊరంతా వెతుకుతున్నారు. అమ్మానాన్నలు పడుకుని నిద్రపోని ఆ నాలుగు రాత్రులూ పాప ఆ ఆవరణలోనే ఉంది. ఇంతకన్నా నేను రాయలేను.

2014 అక్టోబరులో విచారణ జరిగింది. అతను వకీలును పక్కన కూర్చోబెట్టి తన వాదన తనే చేసుకున్నాడు. అక్కడ అలా చేసుకునే హక్కు ఉంది. ఇంకెవరో ఇద్దరు తనను బెదిరించి చేయించారని కొత్త కథ చెప్పాడు. జ్యూరీ నమ్మలేదు. రెండు హత్యలకూ మరణశిక్ష వేశారు. ఆ శిక్ష మీద అప్పీలు పెన్సిల్వేనియా సుప్రీంకోర్టుకు వెళ్ళింది. నేను చదివింది ఆ అప్పీలు మీద 2017లో వచ్చిన తీర్పు.

నేనది చదువుతుంటే మా పెద్దవదిన మా ఇంటికొచ్చింది. ఆవిడ రెండుసార్లు న్యూజెర్సీ వెళ్ళి ఇద్దరు మనవళ్ళను పెంచి వచ్చిన మనిషి. సంగతి విని చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "అదేందమ్మాయ్! పసిబిడ్డను పొట్టన పెట్టుకున్నోడికి మళ్ళా అప్పీలేంది? నేనే చేశానని ఒప్పుకున్నాక ఇంకా కోర్టు దేనికంట? కళ్ళల్లో కారం కొట్టి తన్నక!" అంది.

"వాడు అడగకపోయినా అప్పీలు జరుగుతుంది వదినా. అది వాడి కోసం కాదు" అన్నాను.

"మరెవరి కోసం?" అంది. ఆ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పడం నా వల్ల కాలేదు. అంచేతే ఇంత రాయాల్సొస్తోంది.

మరణశిక్ష పడితే పెన్సిల్వేనియాలో కేసు దానంతటదే పై కోర్టుకు పోతుంది. మన దగ్గరా అంతే. సెషన్సు జడ్జి ఉరిశిక్ష వేస్తే అది హైకోర్టు ఖాయపరిచేదాకా ఉత్త కాగితమే. ప్రాణం తీసే పని ఒక్క మనిషి చేతిలో పెట్టకూడదని ఇక్కడా అక్కడా అనుకున్నారు. పైకోర్టు సాక్ష్యమంతా మళ్ళీ మొదట్నించీ చూస్తుంది. యండమూరి అప్పీల్లో ముఖ్యమైన మాట ఏమిటంటే, పోలీసులకు తను చెప్పిన వాంగ్మూలం చెల్లదు, దాన్ని జ్యూరీకి వినిపించి ఉండకూడదు అని. అమెరికాలో పోలీసులు ఒక మనిషిని నిర్బంధంలో పెట్టి ప్రశ్నించేముందు, నువ్వు నోరు మూసుకుని ఉండొచ్చు, నీకు వకీలు కావాలంటే పిలిపిస్తాం అని చెప్పితీరాలి. 1966లో మిరాండా అనే అతని కేసులో వాళ్ళ సుప్రీంకోర్టు పెట్టిన నియమం అది. సినిమాల్లో సంకెళ్ళు వేస్తూ గబగబా అప్పజెబుతారు చూడండి, అదే. ఆ నియమం సరిగ్గా పాటించలేదని అతని వాదన. పాటించారనీ, అతను చెప్పిన మాటలు చెల్లుతాయనీ న్యాయమూర్తులు తేల్చారు. శిక్ష ఖాయం చేశారు.

అక్కడిదాకా చదివి నేను ఆగిపోయాను. ఎందుకంటే ఇదే నేరం మన ఒంగోల్లో జరిగి, ఇదే మనిషి ఒంగోలు పోలీసులకు ఇదే మాట చెప్పి ఉంటే, అందులో ఒకే ఒక్క వాక్యం తప్ప మిగతాదంతా కోర్టు వినేది కాదు. హక్కులు చెప్పినా వినదు, వీడియో తీసినా వినదు. పోలీసు ముందు చెప్పుకున్న నేరం మన చట్టంలో సాక్ష్యం కాదు. ఎందుకు కాదో తెలియాలంటే మళ్ళీ కారం దగ్గరికి రావాలి.

1855లో మద్రాసులో ఒక సంఘం ఒక నివేదిక ఇచ్చింది. కుంపిణీ పాలనలో పన్నుల కోసం, నేరం ఒప్పించడం కోసం జనాన్ని హింసిస్తున్నారన్న ఆరోపణ మీద వేసిన సంఘమది. మద్రాసు రాజధాని అంటే మన గుంటూరూ, నెల్లూరూ అందులోవే. అప్పటికి దర్శి నెల్లూరు జిల్లాలో ఉండేది లెండి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డప్పుడు గాని ఇటు రాలేదు. తరవాత దానికే ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. ఆ నివేదికలో హింసల జాబితా చదువుతుంటే అన్నం సహించదు. కిట్టి అని ఒకటి. రెండు చెక్కల మధ్య వేళ్ళో, చెయ్యో పెట్టి నిమ్మకాయ పిండినట్టు పిండడం. మనిషిని వంచి తల కాళ్ళకు ఆనేటట్టు తాడుతో కట్టి, వీపు మీద రాయి పెట్టి ఎండలో నిలబెట్టడం ఇంకొకటి. ఇక కళ్ళల్లో మిరపపొడి. కళ్ళల్లోనే కాదు, ఇక్కడ రాయడానికి వీల్లేని చోట్ల కూడా, మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ. ఈ నివేదిక సంగతి అప్పట్లో దేశాలు దాటింది. 1857లో న్యూయార్కు పత్రికలో దీని గురించి వ్యాసం రాసినాయన పేరు కార్ల్ మార్క్స్.

ఒక్కటి గమనించండి. ఈ పనులు చేసింది తెల్లదొరలు స్వయంగా కాదు. తాసీల్దారు కచేరీల్లో, ఠాణాల్లో మనవాళ్ళే మనవాళ్ళకు చేశారు. పైనున్న దొరకు పన్ను వసూలైతే చాలు, నేరం ఒప్పుకున్న కాగితం చేతికొస్తే చాలు. అది ఎలా వచ్చిందని అడిగేవాడు లేడు.

ఆ నివేదిక వచ్చిన ఆరేళ్ళకు, 1861లో, కొత్త క్రిమినల్ ప్రొసీజరు చట్టంలో పోలీసుకు ఒప్పుకున్న నేరం రుజువుగా పనికిరాదని రాశారు. 1872లో సాక్ష్య చట్టం వచ్చినప్పుడు అదే మాట 25వ సెక్షను అయింది. ఆ సాక్ష్య చట్టం తయారుచేసినవాడు జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ అనే న్యాయకోవిదుడు. ఈయన తరవాత ఇంగ్లండు క్రిమినల్ చట్టాల చరిత్ర రాస్తూ, ఇండియాలో పనిచేసిన ఒక అనుభవజ్ఞుడు తనతో చెప్పిన సంగతి ఒకటి రాశాడు. పోలీసులు ఖైదీలను ఎందుకు హింసిస్తారంటే కారణం పెద్ద దుర్మార్గమేమీ కాదట, బద్ధకమేనట. ఎండలో ఊళ్ళు తిరిగి సాక్ష్యం వెతకాలంటే చెమటలు పడతాయి, నీడపట్టున కూర్చుని బక్కవాడి కళ్ళల్లో కారం రుద్దడం సుఖం అని ఆయన మాటల సారాంశం. నేను చదివిన చరిత్ర పుస్తకాల్లో ఇంత నిజమైన మాట ఇంకొకటి తగల్లేదు. మే నెలలో దర్శి ఎండ ఎరిగున్నవాళ్ళకు వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

అయితే చట్టంలో ఒక కిటికీ ఉంచారు. 27వ సెక్షను. ముద్దాయి పోలీసుల చేతిలో ఉండగా చెప్పిన మాట వల్ల ఏదైనా సంగతి బయటపడితే, ఆ సంగతికి స్పష్టంగా సంబంధించినంత మట్టుకు ఆ మాట సాక్ష్యమవుతుంది. కిటికీ ఎంత పెద్దది? దాంట్లోంచి తల మాత్రమే పడుతుందా, మనిషి మొత్తం దూరిపోవచ్చా? మద్రాసు హైకోర్టు 1937లో ఒక కేసులో మనిషి మొత్తం దూరేటంత వెడల్పుగా తెరిచింది. ఇదుగో, ఇక్కడ వస్తుంది మన గుంటూరు జిల్లా.

1944లో గుంటూరు జిల్లాలో ఒక పల్లెటూళ్ళో రెండు పార్టీలు. మన పల్లెల్లో పార్టీలంటే ఏమిటో నేను చెప్పాలా? ఒక పార్టీవాళ్ళు పొద్దుగూకే వేళ పులిపాడు చెరువు మూల దగ్గర రెండో పార్టీవాళ్ళ కోసం కాపు కాశారని కేసు. ఇద్దరు చనిపోయారు. తొమ్మిదిమందికి గుంటూరు సెషన్సు కోర్టు శిక్షలు వేసింది, కొందరికి ఉరి, కొందరికి యావజ్జీవం. మద్రాసు హైకోర్టు అప్పీలు కొట్టేసింది. చూసినవాళ్ళమని చెప్పినవాళ్ళు అవతలి పార్టీవాళ్ళు. అలాంటి సాక్ష్యాన్ని ఆచితూచి చూడాలి కదా! దాన్ని నిలబెట్టడానికి పోలీసులు ఒక ముద్దాయి వాంగ్మూలం చూపించారు. మేమంతా కలిసి కొట్టి చంపాం, మాలో ఒకడు తన బల్లెం నాకిచ్చాడు, దాన్నీ నా కర్రనూ ఫలానా ఆయన గడ్డివాములో దాచాను, వస్తే చూపిస్తాను, ఇదంతా ఫలానా కోటయ్య చేయించాడు అని ఆ వాంగ్మూలం. వెళ్ళి చూస్తే వాములో బల్లెం దొరికింది.

మరణశిక్ష పడ్డవాళ్ళకు ఇంకా ఒకే మెట్టు మిగిలింది. లండనులో ప్రీవీ కౌన్సిలు. అక్కడిదాకా వెళ్ళాలంటే ఎంత డబ్బు కావాలో, ఆ డబ్బు కోసం ఎంత పొలం పోయి ఉంటుందో, ఏ ఇల్లాళ్ళ మెడలు బోసిపోయి ఉంటాయో చరిత్రకారులెవరూ రాయలేదు. నవలలు రాసేదాన్ని కాబట్టి నాకు మొదట అదే తోచింది. 1946 డిసెంబరులో సర్ జాన్ బోమాంట్ తీర్పు చెప్పాడు. ఈయన అంతకుముందు బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసినవాడు, ఇక్కడి ఠాణాల సంగతి తెలియని మనిషి కాదు. పులుకూరి కోటయ్య కేసు అంటే ఈనాటికీ ఏ చిన్న కోర్టులో వకీలైనా నిద్రలో అడిగినా చెబుతాడు.

ఆ తీర్పులో సంగతి మన మాటల్లో చెప్పాలంటే ఇలా. "మా ఇంటి చూరులో కత్తి దాచాను" అని ఒకడన్నాడనుకోండి. పోయి చూస్తే కత్తి దొరికింది. కత్తి అనే వస్తువును లోకం ఎప్పుడో కనిపెట్టింది, ఇప్పుడు బయటపడింది కత్తి కాదు. అది ఆ చూరులో ఉందని ఆ మనిషికి తెలుసు అన్న సంగతి బయటపడింది. అంతవరకే సాక్ష్యం. "ఆ కత్తితోనే ఫలానావాణ్ణి పొడిచాను" అని కూడా అంటే ఆ ముక్క తీసి పారెయ్యాలి. పొడిచిన సంగతి చూరులో దొరకలేదు కదా! అలాగే గడ్డివాములో దాచాను, చూపిస్తాను అన్నంతవరకే వినాలి. మేమంతా చంపాం, కోటయ్య చేయించాడు అన్నవి వినకూడదు. అవీ వినవచ్చునంటే, ప్రతి కేసులో ముద్దాయి చేత ఏదో ఒక వస్తువును చూపిస్తానని అనిపించి, దాంతోపాటు నేరమంతా ఒప్పించడానికి పోలీసుల నచ్చచెప్పే నేర్పు సరిపోతుందనీ, 25వ సెక్షను పెట్టిన అర్థమే పోతుందనీ ఆయన ధోరణి. నచ్చచెప్పే నేర్పు అట! ఇంగ్లీషు పెద్దమనుషులు కారం అనే మాటను ఎంత మర్యాదగా చెబుతారో చూడండి. ఆ ఒప్పుకోలు మాటలు తీసేస్తే మిగిలిన సాక్ష్యం శిక్షకు సరిపోతుందా లేదా చూడమని కేసును మద్రాసుకు తిప్పి పంపారు.

ఇప్పుడు ఆ అపార్టుమెంటు కింద గదికి రండి. పాప ఫలానా చోట ఉంది అని అతను చెప్పాడు, పాప అక్కడే దొరికింది. మన లెక్కలో ఆ ఒక్క వాక్యమే సాక్ష్యం. జూదం అప్పులూ, ముద్దుపేర్లతో రాసిన ఉత్తరమూ పోలీసులు వేరేగా రుజువు చేసుకోవాలి, అంటే ఎండలో తిరగాలి. నాలుగురోజులుగా ఎవరికీ కనబడని పాప ఎక్కడుందో ఒక్కడికే ఎలా తెలుసన్న ప్రశ్నకు అతను జవాబు చెప్పుకోవాలి. నేననుకోవడం అప్పుడు కూడా శిక్ష తప్పేది కాదు. కాని దారి వేరు. అక్కడి చట్టం హక్కులు చెప్పారా లేదా అని పోలీసును అడుగుతుంది, చెబితే నమ్ముతుంది. మన చట్టం 1855 నాటి కిట్టిని చూసింది కాబట్టి ఆ ప్రశ్నే అడగదు, పోలీసు చెవిని పడ్డ ఒప్పుకోలును గడప దాటనివ్వదు. ఇందులో ఏది మేలు అంటే మా వదినకు నేను చెప్పలేకపోయాను. మనది మంచిదే అని నా మనసు చెబుతుంది, ఆ పాప మాట తలుచుకుంటే తడబడుతుంది.

ఆ తడబాటు తీరడానికి ఇంకో పాపడి కథ చెబుతాను. అదీ 50 వేల డాలర్ల కథే. పెన్సిల్వేనియా పక్కనున్న న్యూజెర్సీలో, 1932 మార్చి 1వ తేదీ రాత్రి, విమానం మీద ఒంటరిగా అట్లాంటిక్ దాటి జగత్ప్రసిద్ధుడైన చార్లెస్ లిండ్‌బర్గ్ ఇంట్లో ఇరవై నెలల కొడుకును ఉయ్యాల గదిలోంచి ఎత్తుకుపోయారు. కిటికీ దగ్గర ఉత్తరం, 50 వేలు కావాలని. నెలరోజులకు శ్మశానం దగ్గర చీకట్లో డబ్బు ఇచ్చారు. పిల్లవాడు రాలేదు. మే 12న ఇంటికి కాస్త దూరంలో పొదల్లో శవం దొరికింది. దేశమంతా అట్టుడికిపోయింది. ఆ ఏడాదే అమెరికా కాంగ్రెసు ఎత్తుకుపోవడాన్ని దేశపు నేరంగా చేస్తూ చట్టం తెచ్చింది. దానికి లిండ్‌బర్గ్ చట్టమనే పేరు.

కాని నాకు ఆ కథలో మర్చిపోలేని మనిషి లిండ్‌బర్గ్ కాదు, వయొలెట్ షార్ప్. లిండ్‌బర్గ్ అత్తగారింట్లో పనిమనిషి, ఇంగ్లండు నుంచి వచ్చిన పడుచుపిల్ల. ఇంటి గుట్టు ఎవరో చెప్పి ఉంటారని పోలీసులు మొదట చూసేది పనిమనుషుల వైపే కదా! ఎక్కడైనా అంతే. ఆ రాత్రి ఎక్కడికెళ్ళావని పదేపదే పిలిచి అడిగారు. ఆ పిల్ల ఒకసారి ఒకటి, ఒకసారి ఒకటి చెప్పింది. దాచుకోవాల్సింది ఏమీ లేకపోలేదు, ఎవరితోనో షికారుకు వెళ్ళింది. ఉద్యోగం పోతుందని భయం. జూన్ 10న మళ్ళీ పిలుస్తున్నారని తెలిసి, వెండిసామాను తోమే విషపు మందు తాగి చచ్చిపోయింది. ఆ పిల్ల షికారుకు వెళ్ళిన మాట నిజమేనని, ఈ నేరంతో సంబంధం లేదని తరవాత తేలింది. ఎవరూ ఆమె కళ్ళల్లో కారం కొట్టలేదు. ప్రశ్నలు వేశారంతే.

రెండేళ్ళు పోయాక బ్రూనో హాప్ట్‌మన్ అనే జర్మను వడ్రంగిని పట్టుకున్నారు. అతని గ్యారేజీలో ఆ సొమ్ములో దాదాపు 14 వేల డాలర్లు దొరికాయి. వాళ్ళ గడ్డివాము అదీ! చచ్చిపోయిన ఒక స్నేహితుడు దాచమన్నాడని అతని సమాధానం. అతను చివరిదాకా నేరం ఒప్పుకోలేదు. 1935 అక్టోబరులో అప్పీలు కొట్టేశారు, 1936 ఏప్రిల్ 3న కరెంటు కుర్చీలో కూర్చోబెట్టారు. ఇన్నేళ్ళయినా అతనొక్కడే చేశాడా, వెనక ఇంకెవరన్నా ఉన్నారా అని అమెరికాలో పుస్తకాలు వస్తూనే ఉన్నాయి. ఒప్పుకున్నవాడి మాట నమ్మాలా అని ఒక కేసులో, ఒప్పుకోనివాణ్ణి నమ్మాలా అని ఒక కేసులో. అప్పీలు కోర్టుల బతుకంతా ఇంతే.

మన దేశంలో డబ్బు కోసం ఎత్తుకుపోవడమనే నేరానికి ప్రత్యేకంగా సెక్షను పెట్టింది 1993లో. 364-ఎ అని. ఉరిశిక్ష దాకా వెయ్యొచ్చు. అంత పెద్ద శిక్ష కాబట్టి కోర్టులు ఒక్కొక్క మాటా గీసి గీసి చూస్తాయి. హైదరాబాదులో 2011లో ఒక ఆటో డ్రైవరు బడిపిల్లవాణ్ణి తీసుకుపోయి రెండు లక్షలు అడిగాడు. పిల్లవాడు క్షేమంగా దొరికాడు. యావజ్జీవం వేశారు, హైకోర్టు సరేనంది. 2021లో సుప్రీంకోర్టు, షేక్ అహ్మద్ కేసులో, ఎత్తుకుపోవడం నిజమే, డబ్బు అడగడం నిజమే, కాని చంపుతానని గాని గాయపరుస్తానని గాని బెదిరించినట్టు రుజువు కాలేదు, సెక్షన్లో ఆ ముక్క కూడా ఉంది కదా అని యావజ్జీవం తీసేసి, మామూలు అపహరణకు ఏడేళ్ళు వేసింది. పిల్లవాడే చెప్పాడు, నన్ను బాగానే చూసుకున్నారని. ఈ సంగతి చెబితే మా వదిన మొహం చిట్లించింది గాని, "పిల్లోడు నిజం చెప్పాడు, మంచోడు" అంది.

2024 జూలై 1 నుంచి ఈ చట్టాలన్నిటికీ పేర్లు మారాయి, నంబర్లు మారాయి. 364-ఎ కాస్తా 140లోకి వెళ్ళింది. 25, 26, 27 మూడూ కలిపి 23వ సెక్షనులో సర్దారు. అయినా గడ్డివాము అర్థం మారలేదు. పోలీసు ముందు ఒప్పుకున్నది చెల్లదు, దొరికినంతవరకు చెల్లుతుంది. కాలం మారింది, వీడియోలు వచ్చాయి, ఇంకా ఈ పాతకాలపు అనుమానం దేనికని అడిగే పెద్దలున్నారు. నాకు మాత్రం కారం ఇంకా పండుతూనే ఉంది కదా అనిపిస్తుంది.

యండమూరి శిక్ష అమలుకు 2018 ఫిబ్రవరి 23న అని తారీకు పెట్టారు. ఆ తారీకు వచ్చింది, పోయింది. ఆ శిక్ష అమలు కాలేదు. పెన్సిల్వేనియా గవర్నరు 2015 నుంచే మరణశిక్షలు ఆపి ఉంచారు. తరవాత వచ్చిన గవర్నరు జాష్ షపీరో కూడా 2023లో, నేను ఏ మరణశిక్ష కాగితం మీదా సంతకం పెట్టను, అసలు ఈ శిక్షే తీసెయ్యండి అని శాసనసభను అడిగారు. ఆ రాష్ట్రంలో చివరిసారి ఒక మనిషికి ఈ శిక్ష అమలు చేసింది 1999లో. ఈ సంగతి చెప్పినప్పుడు మా వదిన పాపను కన్నతల్లికి ఇప్పుడు ఎన్నేళ్ళుంటాయని లెక్క కట్టడం మొదలుపెట్టింది.